జబ్బు తగ్గిన తమ్ముడు మళ్లీ కుట్టుపనికి పోతానంటే

పర్లాకిమిడి నుంచి ఒక అక్కగారి ప్రశ్న: స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చిన తమ్ముడు రెండు నెలలైనా కాకుండానే టైలరింగ్ షాపుకి పోతానంటున్నాడు, అమ్మ వద్దంటోంది. ఎవరి మాట వినాలి?

తమ్ముడి మాటే అండి. ఒకరి నిర్ణయం మిగతావాళ్లకి తప్పుగా తోచినంత మాత్రాన అతనికి నిర్ణయించుకునే సామర్థ్యం లేదనకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. అది వైద్యం గురించి చెప్పిందే అయినా, పనికీ అదే కొలత పెట్టుకోండి.

అమ్మ భయమూ నిజమే. అందుకే చిన్నగా మొదలెట్టించండి: రోజుకి రెండు గంటలు, వారానికి మూడు రోజులు, రెండు వారాలు. షాపు యజమానికి జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది తమ్ముడి ఇష్టం, ముందు అతన్నే అడగండి. మొదటి కూలి డబ్బులు అతని చేతికే రావాలి.

బెడిసికొట్టేది ఎక్కువగా పొద్దుటిపూట. ఈ జబ్బుకిచ్చే ఓలాంజపిన్ లాంటి మాత్ర రాత్రి వేసుకుంటే కొందరికి తెల్లారినా మత్తు దిగదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. ఆ మాట పడలేక, పనికి లేవాలని అతను మాత్ర మానేస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. షాపు వేళ మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు. మాత్ర వేళ మార్చాలంటే మాత్రం డాక్టరే చెప్పాలి, అడగాల్సింది మీ తమ్ముడు. రెండు మూడు ప్రశ్నలు చీటీ మీద రాసుకోమనండి. బరంపురంలో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మొదటి ఐదు నిమిషాలు మీరు దయచేసి నోరు విప్పకండి. ఒడియా సరిగా రాకపోతే తెలుగులో చెప్పమని అడగొచ్చు, రోగికి అర్థమయ్యే భాషలో వివరించాలని చట్టంలోనే ఉంది.

బాగున్న రోజుల్లోనే అదే చట్టం 5వ సెక్షన్ కింద ముందస్తు ఆదేశం రాయించండి. ఏ వైద్యం కావాలి, ఏది వద్దు, తన తరఫున ఎవరు మాట్లాడాలి అన్నవి అందులో ఉంటాయి. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ప్రతినిధిగా అమ్మనే పెట్టాలని లేదు. అత్యవసర వైద్యానికి ఆ కాగితం వర్తించదని అతనికి ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది.

ఇంకో కాగితం మీద జబ్బు తిరగబెట్టే ముందు వచ్చే గుర్తులు అతని మాటల్లోనే రాయించండి: "రెండు రాత్రులు నిద్ర పట్టదు", "షాపులో అందరూ నా గురించే అనుకుంటున్నారనిపిస్తుంది". అవి కనబడితే ఎవరు, ఎలా చెప్పాలో కూడా రాయాలి. అమ్మ చెబితే కోపం వస్తుందంటే చెప్పే మనిషి మీరే అవ్వండి. అర్ధరాత్రి సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగు ఎంచుకోండి.