రోగనిరోధకం మీద రాస్తున్న శ్రావణికి

హబ్సిగూడ, హైదరాబాద్

చి. శ్రావణికి,

వ్యాసం చదివాను. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి ముందు వానాకాలపు క్యూతో మొదలుపెట్టడం బాగుంది, ఉంచు. ఆ తర్వాత పోలికలుగా వచ్చిన సైనికులు, కోటగోడలు మాత్రం తీసెయ్యమ్మా. సైనికుడికి శత్రువెవరో తెలుసు. సూక్ష్మజీవుల్ని మింగే మన కణం మాక్రోఫేజ్‌కు ఏమీ తెలియదు. దాని పైపొరలో టీఎల్ఆర్4 (టోల్ లైక్ రిసెప్టర్ 4) అనే రిసెప్టర్, అంటే తగిలినదాన్ని గుర్తుపట్టే ప్రోటీన్, ఉంటుంది. గ్రామ్ నెగెటివ్ అనే తరగతి బ్యాక్టీరియా ఒంటిమీది లైపోపాలీశాకరైడ్ (కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం) తగిలితే అలాంటి రిసెప్టర్లు రెండు జతకడతాయి. ఆ కబురు కేంద్రకం దాకా పోతుంది, సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు పుడతాయి, ఒళ్లు కాలుతుంది. ఇలా ఏది దేన్ని తాకిందో రాస్తే పాఠకుడికి జ్వరం అర్థమవుతుంది.

ఇక్కడ ఆగి, తీరిగ్గా రాయి. ఈ రిసెప్టర్లు పట్టుకునేవి చాలావరకు సూక్ష్మజీవి సులువుగా మార్చుకోలేని భాగాలు. టీఎల్ఆర్5 పట్టేది బ్యాక్టీరియా ఈదే తోకలోని ఫ్లాజెలిన్‌ని. మరి వైరస్ ఆర్ఎన్ఏ సంగతి? ఆర్ఎన్ఏ మనకూ ఉందిగా! అందుకే టీఎల్ఆర్3, 7, 8, 9 కణం లోపలి సంచుల్లో ఉంటాయి. మన సొంత ఆర్ఎన్ఏ, డీఎన్ఏ మామూలుగా అక్కడికి చేరవు. నాకు ఈ ఏర్పాటు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

చరిత్ర క్లుప్తంగా చాలు. ఈ రిసెప్టర్ల పరిశోధనకు వచ్చిన 2011 నోబెల్‌తో మొదలుపెట్టకు. ఆ బహుమతి అందుకున్న హాఫ్‌మన్ పండ్ల ఈగల్లో 1996లో, బాయిట్లర్ ఎలుకల్లో 1998లో వీటి పని చూపించకముందే, 1989లో, ఇలాంటి రిసెప్టర్లు ఉండితీరాలని రోగనిరోధక శాస్త్రవేత్త జేన్‌వే వాదించాడు. 2003లో చనిపోయాడు. ఆయన పేరు లేకుండా ఈ కథ రాయొద్దు.

మన ఊరి సంగతి ఒకటి వదిలేశావు. టైఫాయిడ్ బ్యాక్టీరియా విఐ అనే చక్కెర పొర కప్పుకుంటుంది. దాంతో కింద ఉన్న లైపోపాలీశాకరైడ్ టీఎల్ఆర్4కు సరిగా అందదు, మొదటి స్పందన మందగిస్తుంది. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తన టైఫాయిడ్ టీకాకు ఆ విఐనే తీసుకుంది. దాన్ని టెటనస్ టాక్సాయిడ్‌కు (విషగుణం తీసేసిన ధనుర్వాతపు ప్రోటీన్‌కు) జతచేస్తే పసిపిల్లల ఒంట్లో కూడా విఐ మీద యాంటీబాడీలు తయారవుతాయి. దాచిపెట్టే పొరే పట్టించే గుర్తయింది! ముందు ఈ భాగం రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు