టెక్ సందేహాలు: ఇంజిన్ సంగతి తర్వాత, మొదట వెనక చక్రం విప్పండి

వైఫై రావట్లేదు, ఫోన్ వేడెక్కుతోంది అనే ప్రశ్నల మధ్య ఈసారి పెట్రోల్ వాసన కొట్టింది. లావు టైర్లు, వెడల్పు హ్యాండిల్ ఉండే క్రూయిజర్ సైకిల్‌కి ఇంజిన్ కిట్ బిగించడం గురించి చాలామంది రాశారు. మిగతా సందేహాలు వచ్చేసారి చూద్దాం. నేనూ ఈ పిచ్చి పడి, మోకాలి మీద గుర్తు మిగుల్చుకున్నవాణ్నే కాబట్టి దీనికి జవాబు రాయడం నాకూ సరదాగానే ఉంది.

ప్రశ్న: నా దగ్గర 26 అంగుళాల చక్రాల స్టీలు క్రూయిజర్ ఉంది. 80 సీసీ టూ స్ట్రోక్ కిట్ తెప్పించాను. పెట్టె విప్పితే ఇంజిన్, ట్యాంకు, సైలెన్సర్, రెండు రబ్బరు చక్రాలు, సంచీ నిండా నట్లూ బోల్టులూ వచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? 80 సీసీ సరిపోతుందా?

జవాబు: ముందుగా ఒక మాట. మీ దగ్గరున్నది 80 సీసీ కాదు. ఈ కిట్లలో సిలిండర్ వ్యాసం మామూలుగా 47 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 38 మిల్లీమీటర్లు. లెక్క కట్టి చూడండి, 66 సీసీ వస్తుంది. పెట్టె మీద 80 అని రాయడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. దాని తమ్ముడు 40 మిల్లీమీటర్ల సిలిండర్‌తో వస్తుంది, అది 48 సీసీ. సరిపోతుందా అని అడిగారు కదా, సైకిల్‌కి 66 కూడా ఎక్కువే.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఇంజిన్‌ని ఓ గుడ్డలో చుట్టి మూల పెట్టండి. వెనక చక్రం విప్పండి. నాకు వచ్చిన ఉత్తరాల్లో అందరూ ఇంజిన్ గురించే అడిగారు, వెనక చక్రం గురించి ఒక్కరూ అడగలేదు. కానీ ఈ బళ్లు మనిషిని కింద పడేసేది ఎక్కువగా అక్కడే.

సైకిల్ చైన్ కుడి పక్క ఉంటుంది కాబట్టి మోటారు స్ప్రాకెట్, అంటే చైన్ పట్టే పళ్ల చక్రం, ఎడమ పక్కకి వస్తుంది. దాన్ని తగిలించడానికి హబ్ (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే గొట్టం) మీద ఏ ఏర్పాటూ ఉండదు. అందుకని కిట్ వాళ్లు చువ్వలకి లోపల ఒక రబ్బరు చక్రం, బయట ఒక రబ్బరు చక్రం పెట్టి, మధ్యలో చువ్వల్ని శాండ్‌విచ్‌లా నొక్కి 9 బోల్టులతో బిగించమంటారు. 9 ఎందుకంటే 36 చువ్వల చక్రంలో ప్రతి నాలుగు చువ్వలకీ ఒక బోల్టు చొప్పున సరిగ్గా పడుతుంది. మీ చక్రానికి 32 చువ్వలు ఉంటే ఆ లెక్క కుదరదు. బలవంతంగా దూర్చకండి, చక్రం మార్చండి.

ఆలోచించి చూడండి. చువ్వ అన్నది రెండు కొసల్లో లాగితే తట్టుకునే తీగ. మోటారు లాగుడంతా ఇప్పుడు దాని నడుము మీద పడుతోంది. మామూలు చువ్వ సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 2.6 మిల్లీమీటర్ల మందపు చువ్వలు దొరుకుతాయి, అవి వేయించుకుంటే మంచిది. వేయించకపోయినా కనీసం చక్రం బెండు తీయించి, చువ్వలన్నీ ఒకే బిగువుకి తెప్పించాకే స్ప్రాకెట్ పెట్టండి. ఇంకా మేలైన దారి, చువ్వల జోలికే పోకుండా హబ్ గొట్టాన్ని పట్టుకునే క్లాంపు. రెండు అర్ధచంద్రాల్లాంటి అల్యూమినియం ముక్కలవి. మీ హబ్ వ్యాసాన్ని కొలిచి, దానికి సరిపోయేదే తీసుకోవాలి. నన్నడిగితే ఈ మొత్తం పనిలో అదనంగా ఖర్చు పెట్టదగిన మొదటి వస్తువు అదే.

రబ్బరుతోనే బిగిస్తున్నారా? బోల్టుల్ని వరసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. తర్వాత ఫ్రేమ్‌కి ఒక పెన్సిల్ కట్టి దాని మొన స్ప్రాకెట్ పళ్లకి దాదాపు తగిలేలా పెట్టి చక్రం తిప్పండి. పళ్లు పక్కకి ఊగుతున్నాయా, పైకీ కిందికీ ఎగురుతున్నాయా అన్నది కంటికే తెలుస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటితే మళ్లీ విప్పాల్సిందే. నాకు మొదటిసారి ఈ ఒక్క పనికే ఒక సాయంత్రమంతా పట్టింది. రెండోసారి కూడా అంతే పట్టింది.

ఇప్పుడు టెన్షనర్ సంగతి, అంటే చైన్‌ని బిగువుగా ఉంచే కప్పీ. క్రూయిజర్‌లో వెనక ఇరుసు ముందుకీ వెనక్కీ జరుగుతుంది కదా, చక్రం జరిపి చైన్ బిగువు చేసుకోవచ్చు కదా అనుకుంటాం. ఒక్క చైన్ అయితే నిజమే. ఇక్కడ తొక్కుడు చైన్ ఒకటి, మోటారు చైన్ ఒకటి. చక్రం ఒక చోటే ఉంటుంది, రెండు చైన్లూ ఆ ఒక్క చోటే సరైన బిగువుకి రావు. అందుకే కిట్‌లో బేరింగ్ ఉన్న చిన్న కప్పీ ఒకటి ఇస్తారు. అది ఫ్రేమ్ వెనక గొట్టానికి రెండు బోల్టులతో పట్టుకుని ఉంటుంది. గుండ్రటి గొట్టం మీద ఏ క్లాంపయినా అదురుకి మెల్లగా తిరుగుతుంది. ఎటు తిరుగుతుందంటే చువ్వల వైపు. నాది అలాగే తిరిగింది. చక్రం ఒక్కసారిగా పట్టేసింది, మిగతాది మోకాలిని అడగాలి. అప్పటినుంచి నేను రెండు చైన్లలో మోటారు చైన్ బిగువునే చక్రంతో సరిచూసుకుని, తొక్కుడు చైన్‌కి కప్పీ పెట్టుకుంటున్నాను. ఎవరైనా కిట్ కప్పీనే వాడాలనుకుంటే గొట్టానికీ క్లాంపుకీ మధ్య పాత ట్యూబు ముక్క చుట్టి, క్లాంపు తిరగకుండా అడ్డంగా ఒక పట్టీ కట్టండి. మోటారు చైన్‌ని మధ్యలో వేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు ఆడాలి. వీణ తీగలా బిగిస్తే బేరింగులు పోతాయి.

ప్రశ్న: మా క్రూయిజర్‌కి హ్యాండిల్ మీద బ్రేకులు లేవు. పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. అది చాలదా సార్?

జవాబు: చాలదు. తొక్కేటప్పుడు మీ వేగం గంటకి 15 కిలోమీటర్లనుకోండి. మోటారుతో 40 దాకా వెళ్తారు. ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది ఏడు రెట్ల పైనే. మనిషి కాలి వేగానికి తయారైన ఆ చిన్న హబ్ బ్రేకు అంత వేడిని మింగలేదు. పైగా తొక్కుడు చైన్ జారిందంటే బ్రేకు మొత్తం పోయినట్టే. ఇంకో చిక్కుంది. మోటారు మీద వెళ్తూ పెడళ్ల మీద కాళ్లు ఊరికే ఆనించి ఉంచుతాం. తెలియకుండానే వెనక పాదం బరువు బ్రేకు మీద పడి, హబ్ కాలుతూ ఉంటుంది.

బిగించేటప్పుడు కూడా అదే అడ్డం. ఇలా పెడల్ వెనక్కి తొక్కితే పడేదాన్ని కోస్టర్ బ్రేకు అంటారు. దాని చెయ్యి ఎడమ పక్క ఫ్రేమ్‌కి పట్టి ఉంటుంది, సరిగ్గా స్ప్రాకెట్ రావాల్సిన చోట. హబ్ లావు వల్ల స్ప్రాకెట్ మధ్య రంధ్రం కూడా చాలాసార్లు చాలదు. రంధ్రాన్ని అరగదీసి, బ్రేకు చేతిని వంచి సర్దుకున్నవాళ్లున్నారు. నేనైతే ఫ్రీ వీల్ ఉన్న మామూలు హబ్ చక్రం వేసి, ముందూ వెనకా చేతి బ్రేకులు పెట్టమంటాను. ఎడమ చేతికి క్లచ్ వస్తుంది, కుడి చేతికి యాక్సిలరేటర్. కాబట్టి కుడి పక్కన ఒకే లివర్ రెండు కేబుళ్లని లాగే రకం తీసుకోండి. ముందు బ్రేకు లేకుండా మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకండి.

ప్రశ్న: నా ఫ్రేమ్ ముందు గొట్టం లావుగా ఉంది, ఇంజిన్ క్లాంపు పట్టట్లేదు. కిట్‌తో వచ్చిన కాగితంలో గొట్టానికి రంధ్రం పెట్టి బోల్టు దూర్చమని ఉంది. పెట్టేయనా?

జవాబు: ఆ కాగితాన్ని మడిచి టేబుల్ కాలి కింద పెట్టండి. లాగుడు పడే లోహంలో గుండ్రటి రంధ్రం పెడితే దాని అంచు దగ్గర ఒత్తిడి మూడింతలవుతుందని ఇంజినీరింగ్ మొదటి పాఠాల్లోనే చెబుతారు. ఆ గొట్టం మీద హ్యాండిల్ నుంచీ ముందు చక్రం నుంచీ వచ్చే ప్రతి కుదుపూ పడుతుంది, దానికి ఇంజిన్ అదురు తోడు. పగులు రంధ్రం దగ్గర మొదలవుతుంది, రంగు కింద కనపడదు. లావు గొట్టాల కోసం వెడల్పు క్లాంపులు విడిగా దొరుకుతాయి, అవి కొనండి. మీ ఫ్రేమ్ అల్యూమినియం అయితే, నిర్మొహమాటంగా చెబుతున్నా, ఆ సైకిల్‌ని తొక్కడానికే ఉంచుకోండి.

ప్రశ్న: ఎంత స్పీడ్ వస్తుంది? 44 పళ్ల స్ప్రాకెట్ తీసేసి 36 పళ్లది వేస్తే పెరుగుతుందంటున్నారు. ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతుందో తెలుసుకోవడానికి ఏదైనా యాప్ ఉందా?

జవాబు: ఇది నాకు నచ్చిన ప్రశ్న, లెక్కలున్నాయి కాబట్టి. ఇంజిన్ లోపలి గేర్లు 4.1 రెట్లు తగ్గిస్తాయి. బయట 10 పళ్ల చిన్న స్ప్రాకెట్ నుంచి 44 పళ్లదానికి ఇంకో 4.4 రెట్లు. మొత్తం 18. అంటే ఇంజిన్ 18 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. క్రూయిజర్ లావు టైరు ఒక చుట్టుకి సుమారు 2.07 మీటర్లు పోతుంది. 5000 ఆర్‌పీఎం దగ్గర గంటకి 34 కిలోమీటర్లు. 36 పళ్లదైతే అదే ఆర్‌పీఎంకి 42. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడా మీ కాళ్ల మీద పడుతుంది, స్టార్టింగ్‌కి కూడా ఎక్కువ తొక్కాలి. నేల చదునుగా ఉంటే 41 పళ్లది మంచి రాజీ. 36 జోలికి పోయేవాళ్లు పై బ్రేకు జవాబు మళ్లీ చదవండి.

ఆర్‌పీఎంకి విడిగా మీటరు అక్కర్లేదు. ఫోన్‌లో శబ్దం ఫ్రీక్వెన్సీ చూపించే స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ ఏదైనా వేసుకోండి, ఉచితంగా బోలెడున్నాయి. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ ఒకసారి పేలుడు జరుగుతుంది. కాబట్టి కనపడే అన్నిటికన్నా కింది శిఖరం ఎన్ని హెర్ట్జ్ ఉందో దాన్ని 60తో హెచ్చిస్తే ఆర్‌పీఎం. 83 హెర్ట్జ్ కనపడితే దాదాపు 5000. దాని రెట్టింపుల దగ్గర కూడా శిఖరాలుంటాయి, వాటిని చూసి ఇంజిన్ 10,000 తిరుగుతోందని మురిసిపోకండి. ఫోర్ స్ట్రోక్ కిట్ అయితే రెండు చుట్లకి ఒక పేలుడు, అప్పుడు 120తో హెచ్చించాలి.

ప్రశ్న: పెట్రోల్‌లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) ఎంత కలపాలి? ఎక్కువ కలిపితే ఇంజిన్‌కి ఇంకా మంచిదేగా?

జవాబు: కొత్త ఇంజిన్‌కి మొదట్లో చాలా కిట్లు 16కి 1 చెబుతాయి, అంటే లీటరు పెట్రోల్‌కి సుమారు 62 మిల్లీలీటర్లు. ఇంజిన్ కుదురుకున్నాక మంచి ఆయిల్‌తో 32కి 1, అంటే 31 మిల్లీలీటర్ల దాకా తగ్గించుకోవచ్చు. మొదటి ట్యాంకు మొత్తం యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పకుండా నడపండి. ఎక్కువైతే మంచిదే అన్నది నిజం కాదు. కార్బురేటర్‌లో జెట్ అనే సన్న రంధ్రం గుండా పోయే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గుతుంది, మిశ్రమం పలచనై ఇంజిన్ వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. కాఫీ రంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ లాగుతోంది, కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య గ్యాస్కెట్ దగ్గర లీకు వెతకండి. నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, కార్బురేటర్‌లోని సూది (నీడిల్) క్లిప్ ఒక గాడి పైకి మార్చండి.

ప్రశ్న: నెల కూడా కాలేదు, రెండు బోల్టులు రోడ్డు మీద రాలిపోయాయి. మా నాన్న దీన్ని పిచ్చి అంటున్నారు.

జవాబు: బోల్టులు రాలితే మీ తప్పేం లేదు, ఒక్క సిలిండర్ ఇంజిన్ అదురు అది. ప్రతి నట్టు మరల మీదా థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేయండి, ఇంజిన్ పట్టే స్టడ్లని (తల లేని బోల్టుల్ని) కిట్‌లోవి తీసేసి గట్టి స్టీలువి మార్చండి, ప్రతిసారీ బయల్దేరే ముందు స్పానర్ పట్టుకుని ఒక చుట్టు తిరగండి. సిలిండర్ హెడ్ నట్లని మాత్రం ఇంజిన్ చల్లారాకే ముట్టుకోండి.

మీ నాన్నగారికి ఒక కబురు చెప్పండి. 1946లో సోయిచిరో హోండా అనే ఆయన సైన్యం వదిలేసిన వైర్‌లెస్ సెట్ల జనరేటర్ ఇంజిన్లని సైకిళ్లకి తగిలించి అమ్మాడు. అవి అయిపోయాక 1947లో సొంతంగా ఇంజిన్ తయారుచేశాడు, అదే ఏ టైప్. ఇటలీలో డుకాటీ కూడా మోటార్‌సైకిళ్లలోకి అడుగుపెట్టింది సైకిల్‌కి తగిలించే 48 సీసీ ఇంజిన్‌తోనే. దాని పేరు కుచోలో, అంటే కుక్కపిల్ల. సైలెన్సర్ చప్పుడు విని పెట్టిన పేరట.

అన్నట్టు, లైసెన్సు, రిజిస్ట్రేషన్ అడిగినవాళ్లకి: పెట్రోల్ ఇంజిన్ పెట్టిన క్షణం నుంచి దాన్ని సైకిల్‌గా కాకుండా మోటారు వాహనంగా చూసే దేశాలే ఎక్కువ. కిట్ కొనేముందే మీ రవాణా శాఖ నిబంధనలు చదవండి. కొన్నాక చదివితే బాధగా ఉంటుంది.

ప్రశ్న: దారి చూసుకోవడానికీ స్పీడ్ తెలియడానికీ ఫోన్‌ని హ్యాండిల్ మీద బిగిస్తే సరిపోతుంది కదా?

జవాబు: మంచి కెమెరా ఉన్న ఫోన్ అయితే వద్దు. చేయి వణికినా బొమ్మ చెదరకుండా లెన్స్‌ని కదిలించే ఏర్పాటు ఈ ఫోన్లలో ఉంటుంది, అది అదురుకి దెబ్బతింటుంది. 2021లో ఆపిల్ సంస్థే మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురు ఐఫోన్ కెమెరాని పాడుచేయవచ్చని హెచ్చరించింది. మోపెడ్ల వంటి చిన్న బళ్ల మీద కూడా అదురు తగ్గించే స్టాండు వాడమంది. స్పీడ్ కోసం తీగ ఉన్న మామూలు సైకిల్ మీటరు పెట్టుకోండి. తీగ లేని రకాలు ప్లగ్‌కి నిప్పురవ్వ ఇచ్చే ఇగ్నిషన్ నుంచి వచ్చే విద్యుత్ అలజడికి తికమకపడి, బండి నిలబడి ఉన్నా ఏదో ఒక అంకె చూపిస్తుంటాయి. మీటరులో చక్రం చుట్టుకొలత 2070 మిల్లీమీటర్లని పెట్టేయకుండా, మీరు ఎక్కి కూర్చుని, టైరు మీద సుద్దతో గీత గీసి, ఒక చుట్టు దొర్లించి కొలిచి పెట్టండి. బరువుకి టైరు నొక్కుకుంటుంది కాబట్టి కొంచెం తక్కువే వస్తుంది.