స్కిన్ క్లినిక్ ఫ్లెక్సీ మీద నా ఫొటో వేశారు: పరువు నష్టం దావా వేయవచ్చా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. అంబర్‌పేటలో టైలరింగ్ చేస్తాను. నల్లగా, కాస్త లావుగా ఉంటాను. కిందటేడు ఒక చీరల షాపువాళ్లు "మోడల్స్ వద్దు, మామూలు ఆడవాళ్లతోనే ప్రకటన వేస్తాం" అంటే ఎంతో సంతోషంగా ఫొటోలు దిగాను. ఫోన్‌పేలో 3,000 రూపాయలు వేసి, ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. షాపు బోర్డు మీద నన్ను తెల్లగా మార్చేశారు. సరేలే అనుకున్నాను. పది నెలల కింద నారాయణగూడలో ఒక స్కిన్ క్లినిక్ ఫ్లెక్సీ మీద "చికిత్సకు ముందు" అని నా ఫొటో, "తర్వాత" అని ఎవరో తెల్లటి అమ్మాయి ఫొటో కనిపించాయి. ఆ క్లినిక్ గడప నేనెప్పుడూ తొక్కలేదు. కాలేజీకి వెళ్లే మా అమ్మాయి అది చూసి ఏడ్చింది. పరువు నష్టం దావా వేయవచ్చా? నా ఫొటో కాబట్టి కాపీరైట్ నాదే కదా? పది లక్షలు ఇవ్వకపోతే పోలీసు కేసు పెట్టి పరువు తీస్తామని వాట్సాప్ చేద్దామని మా తమ్ముడు అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, అంబర్‌పేట

జవాబు: అమ్మా, మీ కేసును తేల్చేది మీరు సంతకం పెట్టిన కాగితం. అందులో ఏముందో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. చదవలేదు కాబట్టి రాయలేకపోయారు. కాపీ అడగలేదు. షాపువాళ్లతో మాట్లాడిన వాట్సాప్ మెసేజ్‌లున్న పాత ఫోన్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశానని ఉత్తరం చివర రాశారు. బ్లౌజు కుట్టడానికి ఇచ్చిన వాళ్లకు కూడా మీరు చీటీ రాసి ఇస్తారు కదా. మీ ముఖం వాడుకోవడానికి ఇచ్చిన అనుమతికి కాగితం ముక్క దగ్గర పెట్టుకోకపోవడం పెద్ద పొరపాటు.

ముందు కాపీరైట్ సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నవారే దానికి మొదటి యజమాని. ఇక్కడ ఫొటోగ్రాఫర్‌కు డబ్బిచ్చింది షాపువాళ్లు. ఆ దారి వదిలేయండి.

మీకున్న బలమైన హక్కు వేరే ఉంది. ఒక మనిషి పేరుగానీ రూపంగానీ ఆ మనిషి అనుమతి లేకుండా ప్రకటనకు వాడితే అది గోప్యతకు భంగమేనని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. కాబట్టి కోర్టు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎవరికి, దేనికోసం అనుమతి ఇచ్చారు? కాగితంలో "చీరల ప్రకటనకు" అని మాత్రమే ఉంటే క్లినిక్‌కు నిలబడే చోటు లేదు, ఫొటో దాటించిన షాపూ జవాబు చెప్పాలి. "ఎవరికైనా ఇవ్వవచ్చు, ఎలాగైనా మార్చవచ్చు" అని ఉంటే పోరాటం కష్టమవుతుంది. రాతపూర్వక ఒప్పందానికి విరుద్ధంగా నోటిమాటను కోర్టు సాధారణంగా ఒప్పుకోదు. మోసం చేసి సంతకం తీసుకున్నారని నిరూపిస్తే తప్ప. అంత విశాలంగా రాసున్నా, చేయించుకోని చికిత్సను మీకు అంటగట్టడానికి ఆ సంతకం చాలదని వాదించవచ్చు.

పరువు నష్టం వైపు నేను ఎందుకు వెళ్లొద్దంటున్నానో వినండి. ఆ దావాలో, ఈ ప్రకటన వల్ల నలుగురిలో మీ విలువ తగ్గిందని మీరే నిరూపించాలి. అంటే, నల్లటి ముఖాన్ని అలా చూపించడం అవమానమని మీ లాయరే కోర్టులో నిలబడి చెప్పాల్సి వస్తుంది. మీ అమ్మాయి ఆ మాట వినకూడదు. మీ రంగులో పరువు తక్కువ ఏమీ లేదు. తప్పంతా అడగకుండా మీ ముఖాన్ని అమ్ముకోవడంలో ఉంది. కేసు దాని మీదే నడవాలి.

గడువు చూసినా ఇదే మంచిది. ప్రచురణతో పరువుకు కలిగిన నష్టానికి పరిహారం కోరే దావాకు 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఏడాదే గడువు. మీకు కనీసం పది నెలలు గడిచిపోయాయి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే 5వ సెక్షన్ దావాలకు వర్తించదు. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు. నోటీసు ఇచ్చాం కదా అని నిశ్చింతగా కూర్చుని కేసు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. అనుమతి లేకుండా రూపాన్ని వాడుకున్నందుకు వేసే దావాకు మూడేళ్లు ఉంటుంది. పరువు నష్టం కూడా కలపాలని మీ లాయరు అనుకుంటే ఈ రెండు నెలల్లోనే దావా పడాలి.

తమ్ముడు చెప్పిన మెసేజ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకండి. డబ్బు ఇవ్వకపోతే పరువు తీస్తామని రాసిచ్చారంటే, భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు అని మీ మీదే ఫిర్యాదు చేయడానికి క్లినిక్‌కు అది చాలు. ఈరోజు బాధితురాలిగా ఉన్న మీరు రేపు నిందితురాలవుతారు. ఫ్లెక్సీ చింపడం కూడా వద్దు. అది మీకున్న సాక్ష్యం.

రేపు ఉదయమే ఇద్దరు తెలిసినవాళ్లను తీసుకుని అక్కడికి వెళ్లండి. మెట్రో పిల్లర్ నంబరు, పక్క షాపుల బోర్డులు కనిపించేలా, ఫ్లెక్సీ కింద ప్రింటింగ్ వాళ్ల పేరుంటే అదీ పడేలా ఫొటోలు, వీడియో తీయండి. ఆ ఫోన్ మార్చకండి, ఫైళ్లు దిద్దకండి. ఫోన్‌లోని ఫైళ్లు అసలైనవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకుండా వాటి ప్రింట్లు కోర్టులో నిలవవు. 3,000 రూపాయలు జమ అయిన రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. ఎవరు, ఎప్పుడు ఇచ్చారో అది చెబుతుంది. పాత మెసేజ్‌లు గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌లో ఉన్నాయేమో మీ అమ్మాయిని చూడమనండి.

తర్వాత లాయరు ద్వారా షాపుకూ క్లినిక్‌కూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మీ సంతకమున్న కాగితం నకలు ఇవ్వాలని, ఫొటో వెంటనే తీసేయాలని, పరిహారం ఇవ్వాలని అందులో అడగాలి. పరిహారం అడగడం మీ హక్కు, లాయరు నోటీసులో దానికి పద్ధతి ఉంది. కాగితం ఇవ్వకపోతే దావాలో కోర్టు ద్వారా తెప్పించవచ్చు. దాచిపెడితే అది వాళ్లకే చెడు. దావాతోపాటు ఫ్లెక్సీ తీయించే తాత్కాలిక ఉత్తర్వు కూడా కోరాలి. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారని జడ్జి తప్పకుండా అడుగుతారు.

ఫీజుల టెన్షన్ వద్దు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు దగ్గర అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

రంగు గురించి మీ కోపానికీ చట్టంలో చోటుంది, కాకపోతే డబ్బు రాదు. మీకు చేయని చికిత్సకు మీ ముఖం చూపించి, వేరే మనిషిని "తర్వాత" అనడం తప్పుదారి పట్టించే ప్రకటన. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కలెక్టరుకు గానీ, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు గానీ ఫిర్యాదు ఇవ్వవచ్చు. 10 లక్షల వరకు జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది. రంగును బట్టి మనిషిని తక్కువ చేసే ప్రకటనలు వద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టింది. దేశమంతా తెలిసిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి "ఫెయిర్" తీసేసింది. ఆ మండలికి రాయడానికి ఖర్చు లేదు, రాయండి.

షాపు బోర్డు మీద మిమ్మల్ని తెల్లగా చేయడం నాకూ చాలా బాధ కలిగించింది. మామూలు ఆడవాళ్లని పిలిచి, వాళ్ల రంగునే తుడిచేశారు. కానీ దాని మీద కేసు నిలబడుతుందో లేదో కాగితం చూడకుండా ఏ లాయరూ చెప్పలేరు. నకలు చేతికి రాగానే తీసుకెళ్లి చూపించండి. పరువు నష్టం కూడా కలపాలంటే గడువులో మీకు మిగిలినవి మహా అయితే అరవై రోజులే.