చేత్తో చేసిన ప్యూటర్ కప్పుని ఎలా గుర్తుపట్టాలి, అందులో తాగొచ్చా?

హ్యాండ్‌మేడ్ అని అమ్మే ప్యూటర్ (తగరం ఎక్కువగా ఉండే మిశ్రమలోహం) కప్పు నిజంగా చేత్తోనే చేశారా, అందులో సీసం ఉంటుందా అని అడిగారు కదా. నేను ఈ పని నేర్చుకుని కొన్నేళ్లుగా చేస్తున్నాను, అందుకని నాకు తెలిసింది చెప్తాను.

సీసం సంగతి ముందు. ఇప్పుడొచ్చే మంచి ప్యూటర్‌లో 90 శాతం పైన తగరమే, గట్టిదనం కోసం కాస్త ఆంటిమొనీ అనే లోహం, రాగి కలుపుతారు అంతే. యూరప్ ప్రమాణం ప్రకారం సీసం 0.25 శాతం దాటకూడదు. సీసం లేదని అమ్మేవాళ్లు గట్టిగా చెప్పగలిగితే హాయిగా తాగండి. పాతకాలం సామాన్లు మాత్రం వేరు, వాటిల్లో చాలావాటికి సీసం బాగానే కలిపేవాళ్లు, చూసి మురిసిపోవడానికి ఉంచుకోండి, అందులో ఏదీ తాగొద్దు, పులుపు అయితే అస్సలు పోయొద్దు.

ఇక చేతిపని. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి పోత పోయడం తేలికనుకుంటారు, నిజమే, అచ్చు ముందే వేడిచేసి ఉంచుకుంటే చాలావరకు బాగానే వస్తుంది. అసలు కష్టమంతా పిడి అతికించేటప్పుడే. టంకం కరిగే వేడికీ కప్పు కరిగే వేడికీ మధ్య తేడా చాలా తక్కువ, మంట ఒక్క క్షణం ఎక్కువసేపు ఒకేచోట ఆగితే కప్పుకే చిల్లు పడుతుంది, అందుకే నేను ఏ కప్పు చేతిలోకి తీసుకున్నా ముందు ఆ అతుకే చూస్తాను. చుట్టూ గీత కనపడకుండా, ముద్దలు లేకుండా కలిసిపోయి ఉంటే ఆ మనిషికి పని వచ్చినట్టే. పాత మగ్గుల్లో ఇంకో అందమైన గుర్తు ఉంటుంది, పిడిని నేరుగా కప్పు మీదే పోత పోసేటప్పుడు లోపల గోడ కరిగిపోకుండా నారగుడ్డ ఆనించి పట్టుకునేవాళ్లు, ఆ గుడ్డ నేత అచ్చుగా లోపల పడి అలాగే ఉండిపోయేది. అది కనపడిన ప్రతిసారీ నాకు భలే సంతోషం.

సుత్తి దెబ్బల డిజైన్ ఉందని మాత్రం నమ్మేయకండి, ఆ గుంటల్ని అచ్చులోనే పెట్టి పోసేస్తారు కొందరు. ఒకే రకం కప్పులు రెండు పక్కపక్కన పెట్టి చూడండి, గుంటలన్నీ అచ్చం అవే చోట్ల ఉంటే అది అచ్చు పనే, చేత్తో కొట్టినవి ఏ రెండూ ఒకేలా రావు. మలేషియాలో 1885లో మొదలైన రాయల్ సెలంగోర్ అనే ప్యూటర్ కంపెనీ వాళ్ల దగ్గర ఇప్పటికీ సుత్తితో కొట్టి చేసే రకాలున్నాయి. ఈ లోహంలో నాకు బాగా నచ్చేది ఏంటంటే రాగి, వెండిలాగా కొట్టేకొద్దీ బిగుసుకుపోదు, మధ్యలో కాల్చి మెత్తబరచక్కర్లేదు, అలా కొడుతూనే పోవచ్చు. లేత్ (గిర్రున తిప్పే యంత్రం) మీద రేకు తిప్పి వంచి చేసినవాటిని కొంతమంది మెషీన్ పని అని కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను, ఆ రేకుని నొక్కేది మనిషి చెయ్యే, ఒత్తిడి తప్పితే చిరిగిపోతుంది.

మీరే పని మొదలుపెడదామనుకుంటే ప్యూటర్‌కీ వెండికీ ఆకురాళ్లు విడివిడిగా ఉంచుకోండి, ప్యూటర్ పొడి వెండి మీద పడి దాన్ని వేడిచేస్తే వెండిని తినేస్తుంది.

కొన్నాక మెత్తటి గుడ్డ, సబ్బునీళ్లు చాలు, వెండిలా నల్లబడిపోదు. డిష్‌వాషర్‌లో వేయొద్దు, స్టవ్ మీద అయితే అస్సలు పెట్టొద్దు.