ఒరేయ్ అల్లుడూ, నీ కొత్త ఏడాది లిస్టు చూశాను

ఒరేయ్ నాన్నా,

మన ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన లిస్టు చూశాను. పొద్దున్నే ఐదింటికి లేవడం, రోజూ జిమ్ము, పది కిలోలు తగ్గడం, వారానికో పుస్తకం, జర్మన్ నేర్చుకోవడం, జీతంలో సగం దాచడం, బయటి తిండి బంద్. అందరూ చప్పట్లు కొట్టారు గానీ నాకు నీ షిఫ్టు గుర్తొచ్చింది. రాత్రి పదకొండింటికి లాగౌట్ చేసి, క్యాబ్ దిగి, తిని పడుకునేసరికి ఒంటిగంట దాటుతుందని నువ్వే కదరా చెప్పావు, మరి ఐదింటికి లేచేదెవరు? అది ముందు కొట్టేయ్.

నేను పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ జనవరి వస్తే ఆర్డీలు, అంటే నెలనెలా ఇంత అని కట్టే రికరింగ్ డిపాజిట్లు, తెరిచేవాళ్ళు బాగా వచ్చేవాళ్ళు. చేతిలో నాలుగు డబ్బులున్న రోజున వచ్చి నెలకి ఐదు వేలు కడతానని ధీమాగా ఫారం నింపినాయన జూన్‌లో పిల్లల ఫీజులు మొదలవగానే మాయమైపోయేవాడు. ఐదొందలే రాసిన పూలమ్ముకునే ఆవిడ మాత్రం అరవై నెలలూ కట్టి, పాస్‌బుక్ పట్టుకొచ్చి డబ్బు లెక్కపెట్టుకుని వెళ్ళేది. ఆయన తన మంచి నెల చూసుకుని అంకె రాశాడు, ఆవిడ గడ్డు నెల చూసుకుని రాసింది. నువ్వూ అలాగే రాయి.

అందుకే కాగితం మీద మొదట లక్ష్యాలు కాదు, క్యాలెండర్ పెట్టుకో. సంక్రాంతికి ఊరొస్తావు, ఆ వారం పోయినట్టే, అరిసెల ముందు డైటింగ్ ఎవరి తరమూ కాదు. మార్చిలో మీ అప్రైజల్ టెన్షన్, మేలో ఎండలు, శ్రావణంలో మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు, దసరా, ఆపైన మీ ఆఫీసులో ఏ రిలీజో. ఇవన్నీ గీతలు కొట్టేశాక మిగిలిన రోజులు చూస్తే నీకే నవ్వొస్తుంది, ఏడు పనులెక్కడ పడతాయి అందులో? రెండు ఉంచుకో. నన్నడిగితే నడక, డబ్బు.

పది కిలోలు తగ్గడం నీ చేతిలో లేదురా, నడవడం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, అంటే ఐదు రోజులు, రోజుకి అరగంట చొప్పున చురుగ్గా నడిస్తే సరిపోతుంది. నువ్వు తొమ్మిదింటికి లేస్తావు కాబట్టి టిఫిన్‌కి ముందు నడువు. ఎండాకాలం ఆ టైముకి హైదరాబాద్ రోడ్ల మీద నడవలేవు, కాబట్టి ఆ మూడు నెలలకి రాత్రి డిన్నర్ బ్రేక్‌లో ఆఫీసు క్యాంపస్ లోపల నడుస్తానని ఇప్పుడే రాసి పెట్టుకో, ఏప్రిల్‌లో కొత్తగా ఆలోచిస్తే మానేస్తావు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వీడియోల్లో ఊదరగొడతారే, దాన్ని నమ్మి ఇరవై రెండో రోజున నీ మీద నువ్వు కోప్పడకు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో అచ్చు వేసిన అధ్యయనంలో సగటు 66 రోజులు వచ్చింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేలింది. ఒక రోజు తప్పితే కొంప మునగలేదని కూడా అందులోనే ఉంది. జనవరి ఒకటిన మొదలుపెడితే 66 రోజులంటే మార్చి మొదటి వారం, అప్పటిదాకా అద్దంలో పొట్ట కొలుచుకోకు.

తప్పడం సంగతికొస్తే, ఆ ఆర్డీ రూల్సు రాసినవాళ్ళెవరో గానీ మనుషుల్ని బాగా ఎరిగినవాళ్ళు. నెల తప్పితే వందకి రూపాయి ఫైను, అంతే. నాలుగు వాయిదాలు తప్పితే గానీ ఖాతా ఆగదు, ఆగినా రెండు నెలల్లోపు బకాయి కట్టి మళ్ళీ నడుపుకోవచ్చు. నువ్వూ ఆ లెక్కన నెలకి నాలుగు రోజులు తప్పొచ్చని ముందే రాసుకో. ఫైన్ కింద మర్నాడు పది నిమిషాలు ఎక్కువ నడువు, మొన్న పోయిందంతా ఒకేరోజు లాగేస్తానని మాత్రం మోకాళ్ళ మీదకి తెచ్చుకోకు.

ఇక డబ్బు. అద్దె, బైక్ ఈఎంఐ, ఇంటికి పంపేది పోగా నీ జీతంలో సగం మిగలనే మిగలదు, దాచేదేంటి? ముందు నీ క్రెడిట్ కార్డు మీదున్న అప్పు సంగతి చూడు. మినిమం డ్యూ, అంటే బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం మాత్రమే, కట్టి ఊరుకుంటే చాలా కార్డుల మీద నెలకి మూడు శాతం పైనే వడ్డీ పడుతుంది, ఆ వడ్డీ కడుతూ ఇంకోచోట దాచుకోవడం నాకైతే అర్థం కాని తెలివి. అది తీరేదాకా పొదుపు లక్ష్యమంటే కార్డు తీర్చడమే అనుకో. తీరాక జీతం పడిన మర్నాడే పొదుపు డబ్బు దానంతటదే కట్ అయ్యేలా పెట్టు, నెలాఖరున మిగిలింది దాద్దామంటే ఎవరికీ మిగలదు. అంకె చిన్నదైనా పర్వాలేదు, పోస్టాఫీసు ఆర్డీ నెలకి వంద రూపాయలతో కూడా తెరవొచ్చు.

పుస్తకాలు వారానికొకటి వద్దు, దొరికినప్పుడు చదువుకో, దానికి లెక్కలెందుకు. బయటి తిండి బంద్ అని రాస్తే మూడో రోజే బిర్యానీ తెప్పిస్తావు, వారానికి రెండుసార్లు అని రాయి.

ఇంకోటి, ఈ కొత్త లిస్టు గ్రూపులో పెట్టకు. మీ అమ్మకి కూడా చెప్పొద్దు, రోజూ ఫోన్ చేసి నడిచావా అని అడిగితే నీకు చిరాకొస్తుంది. నాకు నెలాఖరు ఆదివారం ఒక్క మెసేజ్ పెట్టు, ఎన్ని రోజులు నడిచావు, కార్డు మీద ఎంత మిగిలింది, ఆ రెండు అంకెలు చాలు.

జర్మన్ క్లాసుకి ఫీజు ఇంకా కట్టలేదు కదా? ఆగు. జులైలో కార్డు ఎక్కడిదాకా వచ్చిందో చూసి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ అత్త