పైథాన్ తోలు సీట్లు: నకిలీదైతేనే మీకు కేసు

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ జీపు కొని, ముచ్చటపడి ముందు సీట్లు రెండూ 'ఒరిజినల్ పైథాన్ లెదర్'తో కుట్టించుకున్నాను. 1,80,000 రూపాయలైంది. 40,000 యూపీఐలో పంపాను, మిగతాది నగదు. బిల్లు లేదు, వాట్సాప్ చాటింగ్ మాత్రం ఉంది. ఇది జరిగి 14 నెలలైంది. నాలుగు నెలలకే కుట్లు విడిపోయి, పొలుసులు లేచిపోయాయి. ఇంట్లో రోజూ మాటలు పడుతున్నాను, నిద్ర లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా? 'రెక్సిన్ వర్క్' అని పాత తేదీతో బిల్లు రాసిస్తానని షాపతను కబురంపాడు. తీసుకోమంటారా?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

సమాధానం: మీ నిద్ర సంగతి పక్కన పెడదాం. కుట్లు ఎందుకు విడిపోయాయన్నదీ ఇక్కడ చిన్న విషయమే. తేలాల్సింది ఒక్కటి: ఆ తోలు నిజంగా కొండచిలువదేనా? నకిలీదైతే మీరు ఫిర్యాదుదారు. అసలుదైతే మీరే ముద్దాయి.

మన కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి షెడ్యూలు జీవి, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోనిది. దాని చర్మం కొంత వాడినా ఆ సీటు చట్టం దృష్టిలో జంతు వస్తువే. అమ్మినవాడితో పాటు దగ్గర ఉంచుకున్నవాడూ దొరికిపోతాడు. శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడొచ్చు. జరిమానా కనీసం 25,000. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి అటవీ అధికారికి డబ్బు కట్టి రాజీపడే వీలూ లేదు. 'నాకు తెలియదండీ' అంటారా? సెక్షన్ 57 ప్రకారం, వస్తువు మీ దగ్గర దొరికితే అది అక్రమంగా ఉన్నట్టే కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరు. విదేశీ కొండచిలువ అని షాపతను చెప్పి ఉంటే, అవీ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కిందికే వస్తాయి. పర్మిట్, కస్టమ్స్ కాగితాలు చూపకుండా ఆ మాట చెల్లదు. మామూలు బిల్లే అడగని మీరు అవి అడిగారా? కందిపప్పు కొన్నా రసీదు చూసుకునే మనుషులం, ఇంత సొమ్ము చేతిలో పోసి ఊరుకోవడమేమిటి!

కంజీరకు ఉడుము చర్మం బిగించడం తరతరాల ఆచారం. ఉడుమూ ఆ షెడ్యూల్లోనే ఉంది. వాద్యానికే మినహాయింపు లేనప్పుడు జీపు సీటుకు ఎవరిస్తారు?

ఇక గడువు. ఇలాంటి వస్తువు చేతికొస్తే 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, అధీకృత అధికారికో తెలపాలని సెక్షన్ 39 చెబుతోంది. అది మీకు ఎప్పుడో దాటింది. కొన్నాళ్లు ఆగితే పాతబడిపోతుందనుకోకండి. మూడేళ్లకు మించి శిక్ష పడగల నేరానికి కాలపరిమితి అడ్డురాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'పొలుసులు లేచిపోయాయి' అన్నది. ఆవు తోలు మీద అచ్చు వేసినదైతే పొలుసు విడిగా లేవదు. పైగా అదే డిజైను కొంత దూరం తర్వాత అచ్చంగా మళ్లీ వస్తుంది. రెక్సిన్ అయితే పైపొర ఊడి, కింద గుడ్డ కనబడుతుంది. అసలు పాము తోలులో పొలుసు అంచు గోటికి తగులుతుంది. చర్మం వెడల్పు తక్కువ కాబట్టి సీటు నిండా అతుకులుంటాయి. జీపును నాలుగు షాపులకు తిప్పి చూపించకండి. మీ న్యాయవాది సమక్షంలో, తోలు పని తెలిసిన వ్యక్తిని ఇంటికే పిలిపించి చూపించండి.

ఆ రెక్సిన్ బిల్లు మాత్రం ముట్టుకోవద్దు. తోలు అసలుదైతే అది దొంగ పత్రం, మరో కేసు అదనంగా మెడకు చుట్టుకోవచ్చు. నకిలీదైతే, మీరు కొన్నది రెక్సినేనని మీరే ఒప్పుకున్నట్టు. మీ మోసం కేసు అక్కడే పోతుంది. ఎటు చూసినా లాభం షాపతనికే. సీట్లు తగలబెట్టడం, వేరొకరికి అమ్మేయడం, చాటింగ్ చెరిపేయడం కూడా చేయకండి. సాక్ష్యం మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద వేరే నేరం. తోలు సంగతి తేలకుండా కమిషన్‌కూ వెళ్లకండి. 'ఒరిజినల్ పైథాన్ కొన్నాను' అని అఫిడవిట్ మీద సంతకం పెడితే అది మీ చేత్తో మీరు రాసిచ్చిన నేరాంగీకారం.

అసలుదేనని గట్టి అనుమానం వస్తే 1,80,000 మీద ఆశ వదులుకోండి. చట్టవిరుద్ధమైన బేరానికి కోర్టు డబ్బు వసూలు చేసిపెట్టదు. ముందు ముందస్తు బెయిలుకు దరఖాస్తు వేసి, తర్వాత న్యాయవాదితో కలిసి డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా తెలిపి సీట్లు అప్పగించండి. ఆలస్యం మాసిపోదు గానీ, పట్టుబడినవాడికీ తానే వచ్చినవాడికీ కోర్టు తేడా చూస్తుంది.

నకిలీదని తేలితే మీది బలమైన కేసు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. గడువు రెండేళ్లు, మీకు మిగిలింది పది నెలలు. చాటింగ్ ఉన్న ఫోను మార్చకండి, స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు; భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఆ చాటింగ్ కాపీని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. నగదు ఇచ్చినప్పుడు పక్కనున్నవారి అఫిడవిట్, బ్యాంకు స్టేట్‌మెంట్ సిద్ధం చేసుకోండి. షాపుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసిచ్చి, 15 రోజులు చూసి, జిల్లా కమిషన్‌లో వేయండి. 5 లక్షల వరకు ఫీజు లేదు. ముక్కను ల్యాబుకు పంపమని కమిషన్‌నే కోరవచ్చు, ఆ ఖర్చు ముందుగా మీరు కట్టాలి.