బడి కట్టాను, బిల్లు రాలేదు: ఇల్లు తాకట్టు పెట్టనా?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటూ ప్రభుత్వ సివిల్ పనులు చేస్తున్నాను. ఒక ప్రభుత్వ బడికి గదులు కట్టాను. పని విలువ 52 లక్షలు. మొదటి బిల్లు 14 లక్షలు వచ్చింది. పని పూర్తయి 14 నెలలైనా మిగతా 38 లక్షలు రాలేదు. అప్పటి నుంచి 15 లక్షలకు మూడు రూపాయల వడ్డీ కడుతున్నాను. మేస్త్రీకి ఇంకా 1,80,000 బాకీ. ఇంట్లో మా ఆవిడ బంగారం 200 గ్రాములుంది, దాన్ని ముట్టుకోవడం నాకిష్టం లేదు. ఇల్లు తాకట్టు పెట్టి కొత్త టెండర్ వేయమంటున్నారు తెలిసినవాళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు తాకట్టు పెట్టొద్దండి. కొత్త టెండరూ ఇప్పుడు వద్దు. ఎందుకో మీ లెక్కే చెబుతుంది.

15 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 45,000. 14 నెలలకు 6,30,000. ఈ పనిలో పది శాతం మిగిలిందనుకున్నా మీ లాభం 5,20,000. పన్నెండో నెలకే అదంతా వడ్డీకి పోయింది. అప్పటి నుంచి ప్రతి నెలా ఇంట్లో డబ్బు తెచ్చి ఆ బడికి పెడుతున్నట్టే. బిల్లు ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు, వడ్డీ ఆపడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

బంగారం ముట్టుకోవడం ఇష్టం లేదన్నారు. ఆ మనసు నాకు అర్థమవుతుంది. కానీ అది మీ ఆవిడది, కాబట్టి నిర్ణయమూ ఆమెదే. ఈ రాత్రి ఆమెతో కూర్చుని పై లెక్క చూపించండి. బ్యాంకులో పెట్టి తెస్తే, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా, 15 లక్షలకు నెలకు 12,500 అవుతుంది. నెలకు 32,500 మిగులుతుంది. అప్పు తీర్చిన రోజే ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవి కూడా వెనక్కి తీసుకోండి.

ఇక బిల్లు సంగతి. టెండర్ ఎలా పిలవాలో, ఎలా తెరవాలో చెప్పడానికి కర్ణాటకలో 1999 నాటి పారదర్శకత చట్టం ఉంది. పని ఆలస్యమైతే జరిమానా ఒప్పందంలోనే రాసి ఉంటుంది. బిల్లు ఆలస్యమైతే మాత్రం చాలా ఒప్పందాల్లో వడ్డీ ఊసే ఉండదు. ఫలానా తేదీలోగా ఇవ్వాలి, దాటితే వడ్డీ కట్టాలి అని చట్టం రావాలని కాంట్రాక్టర్లు అడుగుతున్నది న్యాయమైన మాటే. చిన్న, మధ్యతరహా వ్యాపారాల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో 45 రోజుల గడువు, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఉన్నాయి. అయితే మీరు చేసే వర్క్స్ కాంట్రాక్టులకు, అంటే సామానూ కూలీ కలిపి కట్టి ఇచ్చే పనులకు, అది వర్తించదని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి. కాబట్టి ఆ చట్టం కింద చిన్న వ్యాపారిగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి కానీ, ఆ వడ్డీ వస్తుందని ఇంటి బడ్జెట్‌లో రాసుకోకండి.

మీరు భయపడాల్సింది గడువు గురించి. చెల్లింపుకు తేదీ అంటూ రాసి లేకపోతే, చేసిన పని డబ్బుకు దావా వేయడానికి పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లే టైమ్. మీకు 14 నెలలు గడిచాయి, 22 నెలలున్నాయి. ఈ లోపు బాకీ ఉందని ఆఫీసు సంతకంతో ఒక ఉత్తరం వస్తే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. ఒకాయన నా దగ్గరకు పాలిథిన్ కవరులో కాగితాలు తెచ్చారు. రెండేళ్లలో ఇచ్చిన అర్జీలు తొమ్మిది, అన్నీ చక్కగా రాసినవే. ఒక్కదాని మీదా ఆఫీసు ముద్ర లేదు. అన్నీ చేతికిచ్చి వచ్చేశారు. మీరు అలా చేయకండి. ఎం.బి. (ఇంజనీరు పని కొలతలు రాసే పుస్తకం) నకలు, పని పూర్తయిన సర్టిఫికెట్ జత చేసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదా వస్తే కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న షరతు, ఉందేమో లాయరుకు చూపించండి. ప్రభుత్వం మీద దావా వేయాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి కనుక, చివరి నెలదాకా ఆగొద్దు.

మరో చిన్న పని. మొదటి బిల్లులో జీఎస్‌టీ టీడీఎస్ (బిల్లు ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) రెండు శాతం పట్టుకుని ఉంటారు. జీఎస్‌టీ పోర్టల్‌లో మీరు ఆమోదిస్తేనే అది మీ క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే పన్ను కట్టడానికి వాడుకునే మీ ఖాతాలోకి, వస్తుంది. ఆడిటర్‌ను ఈ వారమే అడగండి.

38 లక్షల్లో సగమైనా చేతికొచ్చేదాకా ఈఎండీ (టెండరుతో పాటు ముందే కట్టే డిపాజిట్) కట్టే పనుల జోలికి వెళ్లకండి. అడ్వాన్సు ఇచ్చి, శ్లాబు శ్లాబుకూ డబ్బిచ్చే ప్రైవేటు ఇళ్ల పనులు పట్టుకోండి, చిన్నవైనా సరే.

వడ్డీలో మిగిలే ఆ 32,500 ఇంటి ఖర్చులో కలిపేయకండి. నేరుగా మేస్త్రీకి వెళ్లాలి. ఐదు నెలలు పూర్తిగా, ఆరో నెలలో 17,500 ఇస్తే ఆయన బాకీ తీరిపోతుంది. ఏ నెల ఏ తేదీన ఎంత ఇస్తారో కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి.